నలభై ఏడో నంబరు ఇప్పచెట్టు

“దీంట్ల నా పేరేది?”

పగిడమ్మత్త అడగడం ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూనే అడిగింది. రెండోసారి మా అన్న శివ చేతిలోని కాగితం లాక్కుని, చదవడం రాకపోయినా పైనుంచి కిందిదాకా వేలితో తడిమి అడిగింది. ఈసారి గంపను వాకిట్లో విసిరికొట్టి మరీ అడిగింది. గంపలో ఉన్న నాలుగు గుప్పిళ్ల ఇప్పపువ్వు చెల్లాచెదురైంది. కోళ్లు ఉరికొచ్చాయి.

“లేదత్తా. నాయన పేరుంది. ఒక చెట్టుకు ఒక్కటే పేరు,” అన్నాడు శివ.

“ఎవరు చెప్పిండ్రు ఒక్కటే పేరని?”

శివ గడ్డం ఎత్తి నన్ను చూపించాడు.

పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని అప్పుడే వాకిట్లోకి వచ్చిన నేను ఉన్నచోటే నిలబడిపోయాను.

ఆ కాగితం నాదే. నా పీహెచ్‌డీకి గుండెకాయ అదే. మా గూడెంతో కలిపి ఐదు గూడేలు, రెండు వందల పన్నెండు ఇప్పచెట్లు. ఒక్కో చెట్టుకు ఒక రేకుబిళ్ల, బిళ్ల మీద నంబరు, నంబరు పక్కన హక్కుదారు పేరు. అడవిలో ఏ చెట్టు కింద ఏ ఇల్లు పువ్వు ఏరుకోవాలో మావాళ్లకు తరాలుగా ఒక కట్టుబాటు ఉంది. అది ఎక్కడా రాసి లేదు. నేను రాసిపెట్టాలనుకున్నాను. తీసుకున్న సమాచారాన్ని ఇచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వాలని యూనివర్సిటీలో చెప్తే, బుద్ధిమంతురాలినై ఇంటింటికీ ఒక జిరాక్సు కూడా పంచాను.

మా శివ ఏన్కూరు పోయి దాన్ని లామినేషన్ చేయించుకొచ్చాడు. పదో తరగతి మెమోకు కూడా అంత ముచ్చట పడలేదు మహానుభావుడు.

“పుష్పా, నువ్వేనా రాసింది?” అత్త నా వైపు తిరిగింది.

“అవ్ అత్తా. కానీ...”

“కానీ ఏందే? ఆ చెట్టు కిందనే నిన్ను గుడ్డల పండబెట్టి ఏరిన గదనే. అండ్ల నాకు వంతున్నదో లేదో నీకు తెల్వదా?”

తెలుసు. అదే కదా నా ఖర్మ.

పగిడమ్మత్త మా నాయనకు అక్క. భద్రాచలం అవతల ఒక గూడెంలో ఇచ్చారు. ఇప్పపువ్వు రాలే రోజులొస్తే చాలు, సంచీ చంకన పెట్టుకుని బస్సు దిగుతుంది. ఆమే కాదు, పెళ్లయిపోయిన ప్రతి ఆడబిడ్డా అట్లాగే పుట్టింటికి వస్తుంది. ఒక పొద్దు అన్నదమ్ములు ఏరుకుంటే మరో పొద్దు ఆడబిడ్డ ఏరుకుంటుంది. ఇందులో ఒకరు అడగడం, ఇంకొకరు ఇవ్వడం అంటూ ఉండదు. ఈరోజు పొద్దు అత్తది. తెల్లారకముందే చెట్టు కింద ఆకులు ఊడ్చుకుని ఏరడం మొదలుపెడితే, శివ వెళ్లి కాగితం చూపించి లేపుకొచ్చాడు.

అంత తెలిసినదాన్ని మరి ఎందుకు రాయలేదు? తెలుసు కాబట్టే. బయటివాళ్లెవరైనా అయితే ఈ చెట్టు కింద ఎవరెవరు ఏరుతారని అడిగి ఉండేవాళ్లు. నేను ఇక్కడి పిల్లను, నాకు అన్నీ తెలుసని అడగలేదు. సర్వే చేసింది ఆగస్టులో, వానల్లో. అప్పుడు పువ్వూ లేదు, ఏ ఆడబిడ్డా పుట్టింట్లో లేదు. చూరు కింద కూర్చున్న మగవాళ్లు వాళ్ల పేర్లు చెప్పారు, ఫారంలో ఒక్కటే గడి ఉంది, నింపాను. మా ఇంటి ఫారానికైతే ఎవరినీ అడగను కూడా అడగలేదు. ‘సీతయ్య’ అని నాయన పేరు నేనే రాసేసుకున్నాను. సిగ్గుచేటు!

“పొద్దుగాల్నే ఏంది ఈ లొల్లి?” అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. మా అమ్మ ముత్తక్కకు గొడవంటే భయం. వంగి గంపను నిలబెట్టింది. “వదినా, తీస్కో. వాడేదో అన్నడు, నువ్వేదో అన్నవ్. అయిపోయింది.”

“ఏం కాలే. నా కొడుకు లెక్క పెరిగినోడు నన్ను చెట్టు కింద నుంచి లేపిండు ముత్తక్కా. దొంగను లేపినట్టు లేపిండు.”

“అత్తా, నేను నీ కడుపు కొడ్తున్ననా?” శివ గొంతు పెరిగింది. “ఇన్నేండ్లల్ల మన పేరు మీద ఒక్క కాయిదం చూసినవా? రేపు ఎవడన్నా వచ్చి ఈ చెట్టు నీదని రుజువేంది అంటే ఏం చూపియ్యాలె? ఇది చూపిస్త. రెండు పేర్లు గనక ఉంటే, అండ్ల ఒకటి వేరే ఊరి పేరుంటే, వీళ్లల్ల వీళ్లకే తెగలే అని పక్కన పడేస్తరు. ఇల్లు కాపాడుతున్న నేను.”

“వాడు చెప్పేదాంట్ల గూడ నాయముంది వదినా,” అమ్మ మెల్లగా అంది.

“నాయమా!”

“నీకు పువ్వు వద్దన్నమా? కాయిదం సంగతి గదా.”

నాయన ఇంతసేపూ పందిరి కింద మంచానికి నులక బిగిస్తూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. బిగించిన నులకనే మళ్లీ బిగించాడు. మా నాయనకు మౌనమంటే అంత సుఖం. నాకు ఒళ్లు మండిపోయింది.

“నాయనా, నువ్వేమన్న మాట్లాడతవా?” అన్నాను.

చాలాసేపటికి నోరు విప్పాడు. “అక్కా, ఏరుకో పో. ఎవరొద్దన్నరు నిన్ను?”

“గదే నేను గూడ అంటున్న,” శివ అందుకున్నాడు. “ఏరుకోమను నాయనా. రోజూ ఏరుకోమను. మనమే ఇద్దాం. పేరు మాత్రం వద్దు, గంతే.”

అత్త శివను ఎగాదిగా చూసింది.

“ఇస్తవా? నువ్వు నాకిస్తవా?”

ఆ తర్వాత ఆమె మాట తెలుగులో లేదు. అత్తకు కోపం ముదిరితే మా కోయ భాషలోకి వెళ్లిపోతుంది. అందులో ఆమె మా అన్నను ఏమందో నేను రాయను. ఆఖరున మళ్లీ తెలుగులోకి వచ్చి, “నేను అడుక్కోనికి రాలే సీతయ్యా. నా పొద్దుకు నేనొచ్చిన,” అంది నాయనతో. ఇంట్లోకి పోయి సంచీ తెచ్చుకుంది. గంపను అక్కడే వదిలేసి రోడ్డు వైపు నడిచింది.

ఎవరూ ఆపలేదు. నేను కూడా ఆపలేదు. ఏమని ఆపాలి?

*

మా గూడెంలో సిగ్నల్ మంచినీళ్ల ట్యాంకు దగ్గర మాత్రమే అందుతుంది. అక్కడ నిలబడి మా గైడ్ నిర్మలాదేవి మేడంకు ఫోన్ చేశాను.

“ఏమ్మా పుష్పలతా, సోమవారం థీసిస్ సెమినార్ పెట్టుకుని ఇంకా పీపీటీ పంపలేదేంటి?”

“మేడం, డేటాలో తప్పుంది.”

“ఎన్ని ఎంట్రీలు?”

“రెండు వందల పన్నెండు.”

“మొత్తం రెండు వందల పన్నెండే కదా?”

“అవును మేడం.”

చెప్పుకొచ్చాను. అత్త సంగతి, గడి సంగతి, వానాకాలం సంగతి. చెప్తుంటే నాకే నా మీద అసహ్యం వేసింది. మేడం మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అందుకే ఇంకా భయమేసింది.

“పువ్వు రాలేది ఎప్పుడు?”

“మార్చి, ఏప్రిల్ మేడం.”

“పువ్వు మీద రీసెర్చ్ పెట్టుకుని పువ్వు లేని రోజుల్లో సర్వే చేశావన్నమాట.” కాసేపాగి, “ఆ ఫారం చూసి సంతకం పెట్టింది నేనే. ఖమ్మంలో పుట్టి పెరిగినదాన్ని, నాకూ తట్టలేదు. నిన్నొక్కదాన్నే అనడానికి లేదు,” అంది.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

“విను. థీసిస్‌లో లిమిటేషన్స్ అని ఒక భాగం ఉంటుంది. ఆడబిడ్డల వంతు ఈ సర్వేలో నమోదు కాలేదని అక్కడ ఒక పేరా రాయి. సోమవారం గండం గట్టెక్కు. మిగతాది తర్వాత పేపర్‌గా రాసుకుందాం.”

“ఒక్క పేరాలో ఎంతమంది పడతారు మేడం?”

“ఎంతమంది ఉన్నారు?”

“తెలీదు. అడగలేదు.”



“పుష్పా, కమిటీ మళ్లీ ఎప్పుడు కూర్చుంటుందో నాకు తెలీదు. నీ గడువు జూన్‌తో సరి. పొడిగింపు ఇదివరకే వాడేసుకున్నావు. నువ్వు సోమవారం రాకపోతే నేను ఏమీ చేయలేను. సాయంత్రంలోగా చెప్పు.”

ఫోన్ పెట్టేసి అక్కడే అటూ ఇటూ తిరిగాను. పేరా రాస్తే డాక్టరేటు వస్తుంది. రాసిన పేరా ఎవరూ చదవరు. శివ లామినేషన్ చేయించిన అట్ట మాత్రం గోడ మేకుకు వేలాడుతుంది. ఐదు గూడేల్లో ఎన్ని గోడలో!

బస్సు టైము గుర్తొచ్చింది. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఉరికాను.

*

అత్త రోడ్డు మీద కల్వర్టు గోడకు కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

“ఇంటికి రా అత్తా.”

“ఎవరింటికి?”

పక్కన కూర్చున్నాను. ఆమె పక్కకు జరగలేదు, నన్ను జరగమని కూడా అనలేదు. ఆమే మొదలుపెట్టింది.

“నిన్న నేను బస్సు దిగుతుంటే, అదే బస్సు ఎక్కింది పక్క గూడెం పిచ్చయ్య చెల్లె. పువ్వు ఇంకా సగం గూడ రాలలే, అప్పుడే ఎక్కడికే పోతున్నవ్ అంటే, మా అన్న ఏదో కాయిదం తీసిండు, నా పేరు లేదంట అన్నది. తిక్కదా, కాయిదమేంది, చెట్టేంది అని నవ్విన.” చీర చెంగుతో మొహం తుడుచుకుంది. “పొద్దుగాల నాకూ అదే కాయిదం.”

 గొడవ మా ఇంట్లోనే మొదలైందనుకున్నాను ఇంతసేపూ.

“పిచ్చయ్య చెల్లెను పంపించింది నేనే గదా,” అన్నాను.

“మరి ఎవరనుకున్నవ్?”

అంతే. ఊరడించడానికి ఒక్క మాట కూడా అనలేదు. అత్త అబద్ధమాడదు.

“మళ్ల రాస్త అత్తా. ఐదు గూడేలు తిరుగుత. ప్రతి చెట్టుకూ అడుగుత.”

“ఎప్పుడు తిరుగుతవ్? పువ్వు అయిపోతే ఆడోళ్లు పోతరు. పోయినంక మళ్ల మీ మొగోళ్లే చెప్తరు నీకు. ఇంకో ఎనిమిది పొద్దులు రాల్తదేమో. ఎక్కువ రాలదు.”

ఎనిమిది పొద్దులు. సోమవారం వాటి మధ్యలోనే ఉంది. యూనివర్సిటీకి పోయొస్తే అందులో రెండు మూడు పొద్దులు పోతాయి.

బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ తల బయటపెట్టి, “ఎక్కుతవా అవ్వా, ఎక్కవా?” అని కసిరాడు. అత్త లేచి నిలబడింది. నేను ఆమె సంచీ పట్టుకున్నాను. వదల్లేదు.

“నీ పేరు రాసేదాకా ఉండు. ఇప్పుడే రాస్త, నీ ముంగటనే.”

“రాస్తే చూస్త. చూసినంక మధ్యాహ్నం బస్సుకు పోత,” అంది అత్త. కండక్టర్ విసుక్కుని ఈల వేశాడు.

*

వాకిట్లోనే పీట వేసి ల్యాప్‌టాప్ తెరిచాను. అత్త గుమ్మం ఎక్కనంది. కోళ్లు పువ్వంతా ఎప్పుడో ఖాళీ చేశాయి. శివ అట్ట గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు.

“ఏం చేస్తున్నవే?”

“గడి కలుపుతున్న.”

హక్కుదారు పేరు పక్కన కొత్త గడి కలిపాను. పైన ‘ఆడబిడ్డ వంతు’ అని కొట్టాను. రెండు వందల పన్నెండు ఖాళీలు ఒక్కసారిగా బారులు తీరాయి. 

“నీకు మతి గాని పోయిందా? సోమవారం నీ సెమినార్ ఉందంటివి గదా?”

“ఉంది. పోను.”

“పోకుంటే?”

“డాక్టరేటు రాదేమో.”

“ఇన్నేండ్ల చదువు బుగ్గి చేసుకుంటవా? గీ గంపెడు పువ్వుకా?” శివ అమ్మ వైపు తిరిగాడు. “జెర నువ్వన్న చెప్పమ్మా దీనికి!”

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “బిడ్డా, అత్త ఏరుకుంటది. నేను మాటిస్త. నువ్వు పోయి నీ చదువు చూస్కో. ఊకె కాయిదం కాయిదం అని...”

“అమ్మా, నువ్వు ఎల్లుండి మామోళ్ల ఊరికి పోతవ్ గదా?”

“పోనా మరి? ఎల్లుండి పొద్దు నాది. మా దూలయ్యన్న చెట్టు నాకోసం ఊడ్చి పెడ్తడు.”

మా మేనమామ దూలయ్య గూడెం కూడా నేను తిరిగిన ఐదు గూడేల్లో ఒకటి. కిందికి జరుపుతూ పోయి నూట ముప్పై ఒకటో చెట్టు దగ్గర ఆపాను. ల్యాప్‌టాప్ అమ్మ వైపు తిప్పాను. అమ్మ రెండో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది.

“దూ...ల...య్య.” పక్కకు చూసింది. ఖాళీ. ఇంకా పక్కకు చూసింది. “నా పేరేది?”

“లేదమ్మా.”

“అదేంది? ఆ చెట్టు కింద మా నాయన మేనత్త ఏరింది, మా మేనత్త ఏరింది. నేను పిల్లప్పటి సంది ఏరుతున్న. అన్నకు తెల్వదా?”

“మామకు తెలుసు. నేనే అడగలే. ఆ కాయిదం మామ ఇంట్ల గూడ ఉంది.”

అమ్మ తల తిప్పి అత్తను చూసింది. అత్త నేల చూపులు చూస్తోంది. దెప్పిపొడవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు, అయినా అత్త నోరు మెదపలేదు.

“శివా, ఆ అట్ట ఇటియ్యి,” అంది అమ్మ.

“ఎందుకు?”

“ఇయ్యమంటున్న గదరా!”

మా అమ్మ అరిచి నేను చూడటం అదే మొదలు. శివ ఇవ్వలేదు గానీ రెండడుగులు వెనక్కి వేశాడు. నాయన నులక వదిలేసి వచ్చి నా వెనుక నిలబడ్డాడు.

“రాయి బిడ్డా. మా అక్క పేరు రాయి,” అన్నాడు. “పొద్దున్నే అనాల్సిన మాట. నోరు రాలే.”

మా చెట్టు నంబరు నలభై ఏడు పక్కన కొత్త గడిలో ‘పగిడమ్మ’ అని కొట్టాను. అత్తకు చూపించాను. ఆమె తెర మీద వేలు పెట్టి ఆ అక్షరాలను తడిమింది. “గింతేనా?” అంది. 

“అయిపోయిందా?” శివ అన్నాడు. ఈసారి గొంతు పెంచలేదు. “మరి ఒక్క మాట చెప్పుండ్రి. అత్త తర్వాత ఆ వంతు ఎవరిది?”

 చెప్పాల్సిన పని లేదు. ఆడబిడ్డ వంతు ఆమె కూతుళ్లకు పోదు. పుట్టింట్లో తర్వాతి ఆడపిల్లకే వస్తుంది. మా ఇంట్లో ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే.

“నీదే గదా? గందుకేనా ఇయ్యాల గడి కలుపుతున్నవ్? అత్త పేరు చెప్పి నీ వంతు రాసుకుంటున్నవా పుష్పా?”

 ఈ పరిశోధనలో నాకు ఏ స్వలాభమూ లేదని యూనివర్సిటీకి రాసిచ్చి సంతకం పెట్టినదాన్ని. అత్త పేరు కొడుతున్నప్పుడు ఆ సంగతి నాకు తట్టలేదు. అసలు ఎన్నడూ తట్టలేదా అంటే మాత్రం ఒట్టేసి చెప్పలేను. ఆ చెట్టు కింద ఆకులు ఊడ్చుకునే ఆడబిడ్డను నేనూ అవుతానని చిన్నప్పుడు ఎన్నిసార్లు అనుకోలేదు!

‘నాకొద్దన్నా’ అంటే చాలు. శివ నోరు మూతపడుతుంది, రేపు కమిటీ వాళ్లు అడిగినా నాకే లాభమూ లేదని చెప్పుకోవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అత్త నన్నే చూస్తోంది. అమ్మ కూడా. నేను వద్దంటే రేపు ఐదు గూడేల్లో ప్రతి అన్నా వాళ్ల చెల్లెలితో అనే మాట నాకు వినపడింది. అంత చదువుకున్న పుష్పలతే వద్దన్నది, నీకెందుకే?

“అవ్. నాదే,” అన్నాను.

శివ తల ఊపాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“మీ మేడం నంబరు చెప్పు. నీ రీసెర్చ్‌ల నీకే వంతు ఉన్నదని నేనే చెప్త.”

“శివా!” నాయన ముందుకొచ్చాడు.

“చెప్పనీ నాయనా. అది నిజమే గదా,” అన్నాను. నంబరు ఒక్కో అంకే చెప్పాను. శివ తడబడకుండా నొక్కుకున్నాడు. అట్ట చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ట్యాంకు వైపు నడిచాడు.

 ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాను. నలభై ఎనిమిదో నంబరు చెట్టు మా పక్కింటి పగిడయ్యది. కొత్త గడి ఖాళీగా ఉంది.

“అత్తా, పగిడయ్య ఇంటి ఆడబిడ్డ ఎవరు?” అని అడిగాను.